థాయ్ దేవుళ్ళ ప్రింట్లు: షాపులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ప్రింట్లు తీసి పటాలు కట్టే పని నాది. హాల్లో పెట్టుకోవడానికి థాయ్ శైలి వినాయకుడో, రామాయణ ఘట్టమో, గరుత్మంతుడి మీద విష్ణువో కావాలని వచ్చేవాళ్ళు పటంతో పాటు బోలెడన్ని అనుమానాలూ పట్టుకొస్తారు. వాటిలో సగం మా అమ్మేవాళ్ళు పుట్టించినవే.

అపోహ: "వాళ్ళు బౌద్ధులు కదండీ, ఇవన్నీ టూరిస్టుల కోసం గీసినవి."

బ్యాంకాక్‌లో 1784లో మొదటి రామా రాజు కట్టించిన బ్రాహ్మణ ఆలయం ఉంది. దాన్ని 'దేవసథాన్' అంటారు. శివుడికి, వినాయకుడికి, విష్ణువుకి అక్కడ వేరువేరు మందిరాలున్నాయి. వినాయకుడు వాళ్ళకు విఘ్నాలు తొలగించే దేవుడే కాదు, కళలకు పెద్ద దిక్కు కూడా. థాయ్ ప్రభుత్వ లలిత కళల శాఖ చిహ్నం ఆయనే, శిల్పాకర్న్ విశ్వవిద్యాలయం చిహ్నమూ ఆయనే. ఇక మనకు చేబ్రోలు లాంటి ఏ కొద్ది చోట్లో తప్ప గుడి కనిపించని బ్రహ్మదేవుడికి బ్యాంకాక్ నడిబొడ్డున 1956లో ఎరావాన్ మందిరం వెలిసింది. అక్కడ పూలదండలకు, అగరొత్తులకు లోటుండదు.

చేతుల్లో పాశం, అంకుశం లేవని వినాయకుణ్ణి వెనక్కి ఇచ్చేసేవాళ్ళున్నారు. చాచెంగ్‌సావ్ రాష్ట్రంలో నిలబడి ఉన్న 39 మీటర్ల కంచు గణపతి నాలుగు చేతుల్లో పనస, మామిడి, అరటి, చెరకు ఉంటాయి. ఆ విగ్రహాన్ని చూసి వేసిన బొమ్మలో పనసకాయ కనిపిస్తే తప్పు వేసినట్టు కాదు.

అపోహ: "రాముడు ఆకుపచ్చగా ఉన్నాడు, ప్రింటు పాడైంది."

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. థాయ్ రామాయణాన్ని రామకియన్ అంటారు. అందులో ఎవరి రంగు వాళ్ళదే: రాముడు ఆకుపచ్చ, లక్ష్మణుడు బంగారు రంగు, హనుమంతుడు తెలుపు. బ్యాంకాక్ రాజప్రాసాదం ఆవరణలోని వాట్ ఫ్రా కేవ్ అనే గుడి చుట్టుమండపం గోడల మీద 178 ఘట్టాలుగా ఈ కథంతా ఉంది. మార్కెట్లో దొరికే రామాయణం ప్రింట్లు చాలావరకు ఆ గోడలను చూసి గీసినవో, ఫొటో తీసినవో. ఖోన్ అనే ముసుగు నాటకంలోనూ రంగులు ఇవే.

చిక్కేమిటంటే రావణుడూ ఆకుపచ్చే. ఇద్దరినీ రంగుతో కాదు, ముఖంతో పోల్చుకోవాలి. రాముడిది నున్నటి, ప్రశాంతమైన మనిషి ముఖం, పైన మొనదేలిన పొడుగు కిరీటం. రావణుడికి గుడ్లురిమే కళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, కిరీటంలో వరసలుగా పేర్చిన చిన్న చిన్న తలలు. మూడు తలల ఏనుగు మీద కూర్చున్న ఆకుపచ్చాయన ఇంద్రుడు. నీలమేఘశ్యాముడికి అలవాటుపడ్డ కళ్ళకు ఇదంతా కొత్తగా ఉంటుంది, కాదనను. అయితే రాముణ్ణి గరికపోచ రంగువాడని పొగిడిన శ్లోకాలు మనకీ ఉన్నాయి, ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

అసలు నష్టం ప్రింటింగ్ దగ్గర జరుగుతుంది. పని తెలియని ఆపరేటర్ ఆ పచ్చదనం స్కానింగ్‌లో వచ్చిన దోషం అనుకుని రంగుల్ని దానంతటదే సరిచేసే ఆటో కలర్ నొక్కేస్తాడు. దాంతో రాముడు బూడిద రంగులోకి జారతాడు, పక్కన లక్ష్మణుడి బంగారం గులాబీగా మారుతుంది. కొనేముందు లక్ష్మణుడి ఒంటిని చూడండి. అక్కడ గులాబీ జీర కనిపిస్తే ఆ ప్రింటు వద్దు.

హనుమంతుడి ప్రింటు మాత్రం కథ తెలుసుకుని కొనుక్కోండి. తెల్లటి హనుమంతుడు, చేప తోక ఉన్న అందగత్తె కలిసి ఉన్న బొమ్మ బాగా అమ్ముడుపోతుంది. ఆమె సువన్నమచ్ఛా, రామకియన్‌లో రావణుడి కూతురు. వారధికి అడ్డుపడటానికి వచ్చి హనుమంతుడి ప్రేమలో పడుతుంది. వాళ్ళ కొడుకు మచ్ఛాను పాతాళంలో మైరావణుడి దగ్గర కాపలా ఉంటాడు. మన మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు చేసే కాపలా కూడా అదే కదా, కాకపోతే మనవాళ్ళు హనుమంతుడి చెమటచుక్కతో సరిపెట్టి బ్రహ్మచర్యానికి భంగం రానివ్వలేదు. ఆంజనేయస్వామి భక్తులైన పెద్దవాళ్ళున్న ఇంట్లో ఈ పటం పెడితే గొడవే. అందుకే ఎవరైనా అడిగితే ముందే చెప్పేస్తాను, బేరం పోయినా సరే.

అపోహ: "ఇది గుడి రాతి మీంచి నేరుగా తీసిన అచ్చు."

బ్యాంకాక్‌లోని వాట్ ఫో గుడిలో రామకియన్ ఘట్టాలు చెక్కిన 152 పాలరాతి పలకలున్నాయి. ఒకప్పుడు వాటి మీద కాగితం పరిచి రుద్ది అచ్చులు తీసేవాళ్ళు. దానివల్ల రాయి దెబ్బతింటుందని ఆపేశారు. ఇప్పుడు అమ్మేవి నకలు పలకల మీద తీసినవి. అలాగని అవి తీసిపారేయదగ్గవి కావు, చేత్తో రుద్దిన అచ్చుకు దాని అందం దానికుంది. అలాంటి అచ్చును ఫొటో తీసి, ప్రింటు కొట్టి, దానికే ఆ ధర చెబితేనే మోసం. కాగితాన్ని కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూడండి. రుద్దిన అచ్చులో గీతల దగ్గర కాగితం కొంచెం ఉబ్బి ఉంటుంది, రంగు పీచు మీద మాత్రమే అంటి గుంటల్లో ఉండదు. ప్రింటు చదునుగా ఉంటుంది, భూతద్దం పెడితే చుక్కలు తేలిపోతాయి.

రైస్ పేపర్ అని అమ్మే ఆ పీచు కాగితానికీ బియ్యానికీ సంబంధం లేదు. అది సా కాగితం. పేపర్ మల్బరీ చెట్టు బెరడుతో చేస్తారు. చియాంగ్ మాయ్ వైపు దానికి పేరు.

అపోహ: "నలుపు మీద బంగారు బొమ్మంటే బంగారు రేకే."

అసలు పద్ధతిని లై రోట్ నామ్ అంటారు. నల్ల లక్క పూసిన చెక్క మీద, బంగారం ఎక్కడ వద్దో అక్కడ జిగురు కలిపిన పసుపు రంగుతో గీస్తారు. పైన రేకు అంతటా అద్ది, ఆరాక నీళ్ళతో కడిగితే ఆ రంగు కరిగి తన మీది రేకునీ తీసుకుపోతుంది. మిగిలిందే బొమ్మ. అది చెక్క మీద చేసే పని. కాగితం మీద దొరికేది ఫాయిల్ గానీ, మెటాలిక్ ఇంకు గానీ, ఉత్త గోధుమ రంగు గానీ. పటాన్ని అటూ ఇటూ వంచితే ఫాయిల్ మెరుపు మారుతుంది, గోధుమ రంగు మారదు. ధర దాన్నిబట్టే ఇవ్వండి.

అపోహ: "తొండం కుడికి తిరిగింది, రోజూ మడి కట్టుకుని పూజ చేయాలేమో."

అలంకరణకు కొన్న ప్రింటుకు ప్రాణప్రతిష్ఠ చేయలేదు. ఆపైన మీ ఇంటి ఆనవాయితీ మీది, నేను పురోహితుణ్ణి కాదు. కాళ్ళ దగ్గరో, బాత్‌రూమ్ గోడకో వేలాడదీయకండి. అది థాయ్‌వాళ్ళకూ కిట్టదు.

అపోహ: "గాజు వేస్తే ఇక ఢోకా లేదు."

గాజు కాగితానికి ఆనుకుని ఉంటే తేమకి అతుక్కుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇది మరీ ఎక్కువ. మధ్యలో మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే మందపాటి అట్ట, వేయించి ఖాళీ ఉంచాలి. అది యాసిడ్ లేని బోర్డు అయి ఉండాలి, లేకపోతే అంచులు పసుపెక్కుతాయి. సా కాగితాన్ని వెనకంతా జిగురు పూసి అతికించనివ్వకండి. వానాకాలంలో అది సాగుతుంది, సాగే చోటు లేక ముడతలు పడుతుంది. పై అంచున రెండుచోట్ల అంటించి వదిలేస్తే చాలు. ఎండ నేరుగా పడే గోడ, వాన నీరు దిగే బయటి గోడ రెండూ వద్దు. డై ఇంకు త్వరగా వెలిసిపోతుంది, పిగ్మెంట్ ఇంకు అడిగి వేయించుకోండి.

నెట్‌లో దొరికిన బొమ్మను ఫోన్‌లో తెచ్చి రెండడుగుల పటం చేయమంటారు కొందరు. వెయ్యి పిక్సెళ్ళ వెడల్పున్న ఫైలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర మూడంగుళాల పైచిలుకే వస్తుంది. సన్నటి జ్వాలల్లాంటి ఆ థాయ్ లతలు పెద్దది చేస్తే ముద్దగా అలుక్కుపోతాయి. ఏ3 సైజుకు కనీసం 3500 × 4960 పిక్సెళ్ళ ఫైలు తెచ్చుకోండి.