ఎస్పెరాన్జా కార్చిచ్చు: నిప్పు పెట్టినవాడిదీ, ఆర్పబోయినవాడిదీ ఒకే ఊరు

కాలిఫోర్నియాలోని బానింగ్ కనుమ చుట్టుపక్కల 2006 మే నుంచే ఎవరో వరుసగా నిప్పు పెడుతున్నారు. ఎక్కడో ఒకచోట గడ్డి అంటుకునేది, ఫైరింజన్ వచ్చి ఆర్పేది, కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు.

అక్టోబరు 26న అర్ధరాత్రి దాటాక కాబజోన్ ఊళ్లో, కొండ మొదట్లో మరో మంట లేచింది. అదే ఎస్పెరాన్జా కార్చిచ్చు. ఎడారి నుంచి సముద్రం వైపు వీచే శాంటా ఆనా పొడిగాలులు ఆ రాత్రి జోరుగా ఉన్నాయి. అసలే ఏటవాలులో పైకి పాకే మంట ఎగువనున్న పొదలను ముందే వేడెక్కిస్తుంది. దానికి ఈ గాలి తోడైంది.

కొండ మీద ట్విన్ పైన్స్‌లో ఇళ్లు విసిరేసినట్టు దూరదూరంగా ఉంటాయి. అక్కడ ఒక ఇంటిని కాపాడడానికి కేంద్ర అటవీ సర్వీసుకు చెందిన ఇంజన్ 57 సిబ్బంది ఐదుగురు నిలబడ్డారు. ఇంట్లో ఎవరూ లేరు. ఇంటి కిందే వాగు లోయ. పొద్దున ఆ లోయలోంచి మంట ఒక్క ఊపున ఎగసి వాళ్లను చుట్టేసింది. ముగ్గురు అక్కడే చనిపోయారు. కెప్టెన్ మార్క్ లౌట్జెన్‌హైజర్ ఆస్పత్రికి చేరాక కొద్దిసేపటికే పోయారు. పాబ్లో సెర్డా ఐదు రోజులు పోరాడారు.

ఆ ఇంజన్ దగ్గర్లోని ఐడిల్‌వైల్డ్ ప్రాంతానిదే, కెప్టెన్ కాపురమూ ఆ ఊళ్లోనే. మృతుల్లో జెస్ మెక్లీన్‌ది బోమాంట్ అనే ఊరు. సెర్డా కన్నుమూసిన అక్టోబరు 31నే పోలీసులు అరెస్టు చేసిన రేమండ్ ఓయ్లర్, అదే బోమాంట్‌లో ఉండే కారు మెకానిక్. నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. చిన్న ఊళ్లలో మంట పెట్టేవాడికి ఆర్పడానికి ఎవరొస్తారో తెలియకుండా ఉండదు.

అదే ఏడాది జూన్‌లో జరిగిన రెండు మంటల దగ్గర దొరికిన సిగరెట్ ముక్కల్లోని డీఎన్ఏ ఓయ్లర్‌దేనని తేలింది. చిన్న మంటలతో సాధన చేసి పెద్ద మంటకు వచ్చాడని ప్రాసిక్యూషన్ వాదించింది. ఎస్పెరాన్జా మంట మాత్రం అతను పెట్టింది కాదని డిఫెన్స్ అంది. 2009 మార్చిలో జ్యూరీ ఐదు హత్యలకూ అతన్నే దోషిగా తేల్చింది. జూన్‌లో మరణశిక్ష పడింది. 2025లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2019 నుంచి ఆ రాష్ట్రంలో మరణశిక్షల అమలు నిలిపివేయడంతో అతను జైల్లోనే ఉన్నాడు.

40 వేలకు పైగా ఎకరాలు, 34 ఇళ్లు కాలిపోయాయి. ఖాళీ ఇంటి కోసం సిబ్బంది అంత దగ్గరగా నిలబడాలా అన్న చర్చ అప్పట్లో గట్టిగా సాగింది. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ దాని భారం చనిపోయినవాళ్ల మీద వేయడం న్యాయం కాదు.