ఫార్మాట్ కొట్టాక కూడా వైరస్ తిరిగొస్తోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మాల్‌వేర్ (వైరస్ లాంటి హానికర సాఫ్ట్‌వేర్) గట్టిగా పట్టిన సిస్టమ్‌ను తుడిచి విండోస్ మళ్లీ వేయడమే మేలని నేనూ చెబుతాను. కానీ ‘మొన్ననే ఫార్మాట్ కొట్టించాం, మళ్లీ అదే గోల’ అంటూ వచ్చేవాళ్లకు కొదవ లేదు.

అపోహ: సీ డ్రైవ్ ఫార్మాట్ కొడితే సరిపోతుంది.

సరిపోదు. సిస్టమ్ ఆన్ కాగానే చదివే బూట్ ఫైళ్లు వేరే చిన్న పార్టిషన్‌లో, అంటే డిస్కులోని మరో భాగంలో, ఉంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో అది కనిపించదు కూడా. 2023లో సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు విశ్లేషించిన బ్లాక్‌లోటస్ అనే మాల్‌వేర్ అక్కడే మకాం వేసేది, నమ్మదగ్గ బూట్ ఫైళ్లనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా లెక్కచేయకుండా. అంతకుముందు తరంలో టీడీఎల్4 లాంటివి డిస్కు మొదట్లో ఉండే మాస్టర్ బూట్ రికార్డులో దూరేవి.

అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు ఎంచుకునే స్క్రీన్ దగ్గర తొందరపడొద్దు. కావాల్సిన ఫైళ్లు ముందే బయటికి తీసుకుని ఉంటే, అక్కడున్న పార్టిషన్లన్నీ డిలీట్ చేయండి. ‘అన్‌ఎలోకేటెడ్ స్పేస్’ అన్న ఒక్క వరుసే మిగలాలి. నేనైతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, వచ్చిన నల్ల విండోలో డిస్క్‌పార్ట్ అనే విండోస్ టూల్ తెరుస్తాను. లిస్ట్ డిస్క్ అని కొట్టి, సైజును బట్టి డిస్కు ఎంచుకుని, క్లీన్ కొడతాను. మాస్టర్ బూట్ రికార్డు కూడా దాంతో పోతుంది. ఆ జాబితాలో మీ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్, రెండో డిస్కు కూడా ఉంటాయి జాగ్రత్త, క్లీన్ ‘ఖాయమేనా’ అని అడగదు.

అపోహ: క్విక్ ఫార్మాట్ దండగ, డిస్కు అంతా ఏడుసార్లు సున్నాలతో నింపాలి.

అది పాత డిస్కు అమ్మేవాళ్ల బెంగ. డిలీటైన మాల్‌వేర్ తాలూకు బైట్లు ఎక్కడో పడి ఉన్నా, వాటిని రన్ చేసేదేదీ కొత్త విండోస్‌లో లేదు. ఎస్ఎస్‌డీ అయితే ఊరికే అరుగుతుంది.

అపోహ: విండోస్ సెట్టింగ్స్‌లోని ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కినా అదే పని.

చిన్నాచితకా యాడ్‌వేర్‌కు చాలు. ఫైళ్లు ఉంచమంటే మాత్రం మీ ఫోల్డర్లన్నీ, వాటిలోని ఇన్‌స్టాలర్లతో సహా, ఉన్నచోటే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు దోచే రకం దొరికిన సిస్టమ్‌కు నేను రీసెట్‌ను నమ్మను. మరో శుభ్రమైన సిస్టమ్‌లో, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే, 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుంటాను.

అపోహ: తుడిచేశాం కాబట్టి ఖాతాలకు ఇక ఢోకా లేదు.

అన్నిటికన్నా నష్టం చేసేది ఈ నమ్మకమే. ఇలా దోచే మాల్‌వేర్ (ఇన్ఫోస్టీలర్), బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను, మీరు లాగిన్ అయ్యారని సైట్‌కు గుర్తుచేసే లాగిన్ కుకీలను నిమిషాల్లో బయటికి పంపేస్తుంది. కొన్ని అయితే పని కాగానే తమను తామే డిలీట్ చేసుకుంటాయి. ఆ కుకీ చేతికి చిక్కినవాడికి చాలా సైట్లలో మీ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేదు. మీరు డిస్కును ఎంత తోమినా, పోయిన కుకీ చెల్లుబాటులోనే ఉండవచ్చు. శుభ్రమైన ఫోన్ నుంచో మరో సిస్టమ్ నుంచో పాస్‌వర్డ్‌లు మార్చండి, ఈమెయిల్‌తో మొదలుపెట్టండి. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. మెయిల్‌లో ఫార్వర్డింగ్ రూల్, రికవరీ నంబర్ మీవేనా చూసుకోండి. తుడవకముందే అదే సిస్టమ్‌లో పాస్‌వర్డ్ మారిస్తే, కొత్తదీ వాళ్లకు అందించినట్టే.

ఇంకోటి. కొత్త విండోస్‌లో క్రోమ్ తెరిచి సైన్ ఇన్ అవగానే, సెర్చ్‌ను దారి మళ్లించే పాత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ సింక్‌తో పాటు వచ్చి కూర్చుంటుంది. ‘ఫార్మాట్ పనిచేయలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుంది.

అపోహ: ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే మాల్‌వేర్) పడితే ఫార్మాట్ కొడితే ఫైళ్లు దక్కుతాయి.

మాల్‌వేర్ పోతుంది, ఫైళ్లూ పోతాయి. లాక్ అయిన ఫైళ్లను వేరే డిస్కులో దాచండి. 2016లో మొదలైన నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు ఆ లాక్ తీసే ఉచిత డిక్రిప్టర్లు ఉన్నాయి.

అపోహ: మళ్లీ వచ్చిందంటే బయోస్‌లోకి (మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్‌లోకి) దూరినట్టే.

అలాంటివి లేకపోలేదు. 2018లో బయటపడిన లోజాక్స్ అనే మాల్‌వేర్ మదర్‌బోర్డు ఫ్లాష్ చిప్‌లో ఉండేది, హార్డ్ డిస్కు మార్చినా పోయేది కాదు. కానీ దాని గురి ప్రభుత్వ సంస్థల మీద. మీ సిస్టమ్ విషయంలో ముందు బ్యాకప్ ఫోల్డర్ తెరవండి. ఫైల్ పేర్ల చివరి ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ మార్చి, ఈఎక్స్‌ఈ, ఎంఎస్‌ఐ, బ్యాట్, ఎస్‌సీఆర్ ఫైళ్లేవీ వెనక్కి ఎక్కించకండి. సాఫ్ట్‌వేర్ కావాలంటే తయారీదారు సైట్ నుంచి కొత్తగా దించుకోండి. ఆ ఫోల్డర్‌లో లైసెన్స్ లేకుండా విండోస్‌ను నడిపించే విండోస్ యాక్టివేటర్ ఉంటే అసలు దొంగ అదే అయ్యుండొచ్చు, పైగా దాని అవసరమూ లేదు: విండోస్ 10 నుంచి అసలు లైసెన్స్ ఉన్న సిస్టమ్ నెట్‌కు కలపగానే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.