మందస నుంచి మహేంద్రగిరికి: సరిహద్దు దాటే పాత కాలిబాట

మహాశివరాత్రికి శ్రీకాకుళం జిల్లా మందస ప్రాంతం నుంచి కాలినడకన మహేంద్రగిరి ఎక్కే భక్తులు దారి మధ్యలోనే రాష్ట్రం దాటుతారు. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. పర్లాకిమిడి వైపు నుంచి కొండ మీదికి వాహనాల దారి పడింది కానీ, మందస వైపు నేటికీ కాలిబాటే గతి.

1936కు ముందు ఈ కొండ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో, మందస జమీందారీలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు కొండ అటు పోయి, మందస ఇటు మిగిలింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడే నాటికే శిఖరం పరాయి రాష్ట్రానిది.

అయితే మైదానానికీ కొండకూ ఉన్న బంధం జమీందారీల కంటే చాలా పాతది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం వంశధార ఒడ్డున ఉన్న నేటి ముఖలింగమేనని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. అక్కడి రాజులు మాత్రం తమ తామ్రశాసనాలలో మహేంద్రాచల శిఖరాన వెలసిన గోకర్ణస్వామిని కులదైవంగా స్తుతించారు. రాజ్యం నది ఒడ్డున, దైవం కొండ కొమ్మున ఉన్నప్పుడు వాటి మధ్య నడకదారి లేకుండా ఉండదు. 11వ శతాబ్దిలో రాజేంద్ర చోళుడు ఇక్కడ జయస్తంభం నాటించినట్టు కొండ మీది శాసనం చెబుతోంది. కళింగంలో ఈ శిఖరానికున్న ప్రతిష్ఠ ఎరిగే అతడు ఆ చోటు ఎంచుకొని ఉండాలి. భారీ రాళ్లు పేర్చి కట్టిన భీముని గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అనే పేర్లు జనశ్రుతి ఇచ్చినవి.

మందస వైపు జీడితోటలు దాటాక సవర గిరిజనుల ఊళ్లు, వాటి చుట్టూ పోడు వాలులు, ఆపైన వెదురు కలిసిన అడవి, కొండ తలమీద గడ్డి మైదానం వస్తాయి. మబ్బు లేని రోజున అక్కడి నుంచి బంగాళాఖాతం కనిపిస్తుంది. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

2022లో ఒడిశా ప్రభుత్వం గజపతి, గంజాం జిల్లాల పరిధిలో మహేంద్రగిరిని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించింది. అదే కొండకు ఆంధ్ర వైపు వాలు ఆ పరిధిలోకి రాలేదు. మందస బాటను బాగు చేయాలన్నా, పండుగ రద్దీలో అడవిని కాపాడాలన్నా రెండు రాష్ట్రాల అటవీ శాఖలు కలిసి కూర్చోక తప్పదు.