ఇమిటేటివ్ అంటే ‘కాపీ కొట్టిన’ అనేనా? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం, తెలుగు అనువాదాలు సరిచూడటం నా పని. ఈ రెండింటిలోనూ మాటిమాటికీ ఎదురయ్యే విశేషణం ‘ఇమిటేటివ్’. చాలామంది దీని పక్కన ‘అనుకరించే’ అని ఒక్క అర్థం రాసుకుని ముందుకెళ్లిపోతారు. ఆ అర్థంలో తప్పేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోతే ఈ మాటను వాడేటప్పుడు తడబాటు తప్పదు. ఒకదాన్ని నమూనాగా పెట్టుకుని, దాని పోలికలో జరిగింది అని మాత్రమే ఇది చెబుతుంది. అలా జరగడం మంచో చెడో తేల్చేది దాని పక్కనున్న మాట, అది వచ్చిన సందర్భం.

అపోహ: ఒకరిని ఇమిటేటివ్ అన్నామంటే తిట్టినట్టే.

వాస్తవం: ఒక విమర్శకుడు ఏదైనా నవలను ఇమిటేటివ్ అన్నాడంటే అది మెచ్చుకోలు కాదు, నిజమే. అందులో సొంత ముద్ర లేదని ఆయన భావం. ఈ అపోహ పుట్టింది అక్కడే. కానీ ‘చిల్డ్రన్ ఆర్ హైలీ ఇమిటేటివ్’ అన్న వాక్యంలో నింద ఎక్కడుంది? పెద్దవాళ్లు చేసింది చూసి తామూ అలాగే చేయడం పిల్లల స్వభావమని మాత్రమే ఆ వాక్యం చెబుతోంది. కవిత్వం, నాటకం, సంగీతం, నృత్యం అన్నీ అనుకరణ రూపాలేనని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అన్నాడు. అలాంటి కళలనే ఇంగ్లిష్‌లో ‘ఇమిటేటివ్ ఆర్ట్స్’ అంటారు. పాశ్చాత్య సంగీతంలో ఒక గొంతు ఎత్తుకున్న వరుసను కాసేపటికి ఇంకో గొంతు అందుకుని పాడితే అది ‘ఇమిటేటివ్ కౌంటర్‌పాయింట్’. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఫ్యూగ్‌లన్నీ (ఒకే వరుసను గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచనలు) ఈ పద్ధతి మీదే నడుస్తాయి. వాటిని ఇమిటేటివ్ అంటే బాఖ్‌ను తక్కువ చేసినట్టు కాదు.

అపోహ: ‘ఇమిటేటివ్ అగ్రెషన్’ అంటే ఉత్తుత్తి కోపం, నటన.

వాస్తవం: సైకాలజీ అనువాదాల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే పొరపాటు ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా, ఆయన సహచరులు 1961లో ప్రచురించిన ప్రయోగం చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. గాలి నింపిన బోబో బొమ్మను ఒక పెద్ద వ్యక్తి పిల్లల ఎదుట చెక్క సుత్తితో కొట్టడం, దాని మీద కూర్చుని ముక్కు మీద గుద్దడం లాంటివి చేశారు. తర్వాత పిల్లలను బొమ్మలున్న మరో గదిలోకి తీసుకెళ్లి, వాళ్లేం చేస్తారో గమనించారు. పెద్ద వ్యక్తి చేసినవే మళ్లీ చేస్తే దాన్ని ఇమిటేటివ్ అగ్రెషన్ కింద లెక్కవేశారు. అక్కడ చూడనివి, ఉదాహరణకు బొమ్మ తుపాకీతో దూకుడుగా ఆడటం లాంటివి చేస్తే నాన్-ఇమిటేటివ్ కింద వేశారు. రెండు రకాల్లోనూ దూకుడు నిజమైనదే. ఇక్కడ ఇమిటేటివ్ చేస్తున్న పని, ఆ చేష్ట చూసినదాని నుంచి వచ్చిందా లేదా అని వేరుచేయడం ఒక్కటే. అందుకే దీన్ని ‘అనుకరణ హింస’ అని తెలుగు చేస్తే నాకు తృప్తిగా ఉండదు, చదివేవాళ్లకు అది ఉత్తుత్తి హింస అనిపించవచ్చు. ‘చూసింది చూసినట్టు చేసే దూకుడు’ అంటే కాస్త పొడుగైనా అర్థం దారితప్పదు.

అపోహ: ఇమిటేషన్, ఇమిటేటివ్ ఒకదాని బదులు ఒకటి వాడొచ్చు.

వాస్తవం: వాడకూడదు. ఇమిటేషన్ జ్యువెలరీ, ఇమిటేషన్ లెదర్ అంటాం. ఇక్కడ ఇమిటేషన్ నామవాచకమే, విశేషణం చోట కూర్చుంది. ఒక వస్తువును మరోదానిలా కనిపించేట్టు తయారుచేశారని చెబుతుంది. ఇమిటేటివ్ స్వభావానికి, శైలికి, పద్ధతికి పనికొచ్చే మాట. ‘ఇమిటేటివ్ నెక్లెస్’ అని రాస్తే వాక్యం చెడుతుంది. దొంగనోటు గురించి చెప్పాలన్నా ఇది చాలదు. అక్కడ మోసం చేసే ఉద్దేశం ఉంది కాబట్టి ‘కౌంటర్‌ఫిట్’ కావాలి.

అపోహ: నిఘంటువులో ‘ఆరిజిన్: ఇమిటేటివ్’ అని ఉంటే, ఆ మాటను వేరే భాష నుంచి కాపీ కొట్టారని అర్థం.

వాస్తవం: కాదు. ఆ మాట ఒక చప్పుడును అనుకరిస్తూ పుట్టిందని అర్థం. హిస్, బజ్, కుకూ ఇలాంటివే. మనకు ‘గలగల’, ‘కావుకావు’ ఉన్నట్టే. తెలుగులో వీటిని ధ్వన్యనుకరణ పదాలంటాం. కొన్ని నిఘంటువులు ఇదే భావానికి ‘ఎకోయిక్’ అని వేస్తాయి.

అపోహ: ఇమిటేటివ్‌కు వ్యతిరేక పదం ‘ఇనిమిటబుల్’.

వాస్తవం: పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఇమిటేటివ్ అంటే అనుకరించే స్వభావం ఉన్నది. ‘ఇమిటబుల్’ అంటే ఇతరులు అనుకరించగలిగినది. ఒకటి చేసే వైపు నుంచి చెబితే, రెండోది చేయించుకునే వైపు నుంచి చెబుతుంది. ఇనిమిటబుల్ ఈ రెండోదానికే వ్యతిరేకం: ఎవరూ అనుకరించలేనిది, సాటిలేనిది. అంటే గొప్ప మెచ్చుకోలు. ఇమిటేటివ్‌కు వ్యతిరేకం కావాలంటే ‘ఒరిజినల్’ రాయండి. ఒక గాయకుడి శైలి మొదట్లో ఇమిటేటివ్‌గా ఉండి, తర్వాత్తర్వాత ఇనిమిటబుల్ కావచ్చు. ఇలా రెండు మాటలనూ ఒకే వాక్యంలో పెట్టి రాసి చూస్తే తేడా ఇక మరిచిపోరు.

అపోహ: డెరివేటివ్, కాపీక్యాట్, ఇమిటేటివ్ మూడూ ఒకటే.

వాస్తవం: దగ్గరి చుట్టాలే గానీ వాడే చోట్లు వేరు. డెరివేటివ్ అంటే మరొకదాని నుంచి తెచ్చుకున్నది. రచననో సినిమానో అలా అనొచ్చు, పిల్లాడిని అనలేం. పైగా కళల గురించి వాడినప్పుడు అందులో దాదాపు ఎప్పుడూ చిన్నచూపు ఉంటుంది. కాపీక్యాట్ పత్రికల మాట. ఒక నేరాన్ని చూసి ఇంకొకరు అలాంటిదే చేస్తే వార్తల్లో ‘కాపీక్యాట్ క్రైమ్’ అంటారు. పరిశోధన వ్యాసంలో అయితే ఇమిటేటివ్ బాగుంటుంది.

అపోహ: దీని తర్వాత ‘టు’ రావాలి.

వాస్తవం: ‘ఫలానాదానికి అనుకరణ’ అని తెలుగులో అనుకుని రాయడం వల్ల ఈ ‘టు’ వచ్చిపడుతుంది. ఇంగ్లిష్‌లో రావాల్సింది ‘ఆఫ్’: ‘హర్ ఎర్లీ పోయమ్స్ ఆర్ ఇమిటేటివ్ ఆఫ్ కీట్స్’ (ఆమె తొలి కవితలు ఇంగ్లిష్ కవి కీట్స్‌ను అనుకరించినట్టు ఉంటాయి).

ఉచ్చారణ గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. బ్రిటిష్ వాళ్లు మూడో అక్షరాన్ని తేల్చేసి ‘ఇమిటటివ్’ అన్నట్టు పలుకుతారు, అమెరికన్లు ‘ఇమిటేటివ్’ అని సాగదీస్తారు. రెండూ ఒప్పే. ఎలా పలికినా మొదటి ‘ఇ’ మీద ఊనిక ఉండాలి.