ఫ్రాంక్‌లాండ్ దాడి: 2013లో వదిలేసిన ప్రశ్న

ఇంగ్లండ్‌లోని ఫ్రాంక్‌లాండ్ జైల్లో 2025 ఏప్రిల్ 12న, 2017 మాంచెస్టర్ బాంబు దాడి కేసులో శిక్ష అనుభవిస్తున్న హాషెమ్ అబేదీ సిబ్బందిపై కాగే నూనె పోసి, సొంతంగా తయారుచేసుకున్న ఆయుధాలతో దాడి చేశాడు. అప్పటినుంచి తీవ్రవాద ఖైదీలను మార్చే ప్రయత్నాలన్నీ దండగ, ఇంకా బిగించాలి అన్న మాట మళ్లీ జోరందుకుంది. దాడి జరిగింది మామూలు బ్యారక్‌లో కాదు. తోటి ఖైదీలకు తీవ్రవాద విషం ఎక్కించేవారిని విడిగా ఉంచడానికి 2017లో తెరిచిన కేంద్రంలో. ఆ కేంద్రాల్లో ఖైదీల వంట వెంటనే ఆపేశారు. సిబ్బంది ప్రాణాల కోసం అది చేయాల్సిందే. అయితే విడిగా పెడితే విషం పాకడం తగ్గుతుందేమో గానీ, లోపలున్నవాడు మారాడో లేదో తేలదు.

మారాడో లేదో ఎవరు తేల్చాలన్న ప్రశ్నకు నా దృష్టిలో అసలు మలుపు 2013. ఉగ్రవాద కుట్ర కేసులో ఉస్మాన్ ఖాన్‌కు అంతకుముందు ఏడాది నిరవధిక శిక్ష పడింది. అంటే, ఖైదీల విడుదలను తేల్చే పెరోల్ బోర్డు అతనితో ప్రమాదం లేదని నమ్మితేనే విడుదల. అప్పీలు కోర్టు దాన్ని 16 ఏళ్లకు మార్చింది. దాంతో సగం శిక్ష పూర్తవగానే, బోర్డు ముందుకు రాకుండానే, 2018 డిసెంబరులో బయటికొచ్చాడు. జైల్లో మార్పు కార్యక్రమాలకు హాజరయ్యాడు, చదువుకున్నాడు, మారిన మనిషికి నమూనా అయ్యాడు. 2019 నవంబరు 29న లండన్‌లో ఖైదీల చదువుపై జరిగిన సదస్సుకు అతిథిగా వచ్చి ఇద్దరు యువ కార్యకర్తలను పొడిచి చంపాడు. ఆ మంచి పేరే అధికారుల కళ్లు కప్పిందని ఆ మరణాలపై 2021లో జరిగిన విచారణలో జ్యూరీ చెప్పింది. పాత దారికే వెళ్తాడన్న నిఘా సమాచారం విడుదలకు ముందే ఉన్నా, అతన్ని కనిపెట్టుకుని ఉండాల్సినవారందరికీ అది చేరలేదు.

2020 ఫిబ్రవరి 2న లండన్‌లోనే స్ట్రీతమ్‌లో మరో దాడి. దాడి చేసిన సుదేశ్ అమ్మాన్ కూడా ఉగ్రవాద కేసులో సగం శిక్షతోనే విడుదలై రెండు వారాలైనా కాలేదు. అదే నెలలో ఉగ్రవాద ఖైదీల విడుదలపై చట్టం మారింది. మూడింట రెండు వంతుల శిక్ష పూర్తయ్యాకే, అదీ పెరోల్ బోర్డు ఒప్పుకుంటేనే విడుదల. ప్రజల భద్రత కోసమేనంది ప్రభుత్వం. తన కొడుకు చావును కఠిన శిక్షలకు సాకుగా వాడొద్దని 2019 మృతుల్లో ఒకరి తండ్రి అంతకుముందే వేడుకున్నారు. కొడుకును పోగొట్టుకున్న మనిషి ఆ మాట అన్నప్పుడు ఆగి వినాలి.

చట్టం బోర్డును మళ్లీ తెచ్చింది, మంచిదే. కానీ ఆ బోర్డు దేన్ని చూసి తేల్చాలి? కోర్సు పూర్తిచేశాడన్న కాగితం చాలదు. రోజూ తాళం తీసే వార్డరుకు కనిపించింది, నిఘా విభాగానికి తెలిసింది, బయట పర్యవేక్షించే అధికారి గమనించింది ఒకేచోటికి రావాలి. ఖాన్ విషయంలో అవి ఒకచోట చేరలేదు. చేరినా, తూచి చూడటానికి బోర్డే లేదు.