వేసవి సెలవుల్లో బిహేవియర్ థెరపీ: అపోహలు - వాస్తవాలు

సెలవులు దగ్గరపడుతుంటే ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల నుంచి నాకు రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. "బడితోపాటు థెరపీ కూడా ఆపేద్దామా?" అని కొందరు, "బడి లేదు కదా, రోజంతా థెరపీ పెట్టిద్దామా?" అని కొందరు అడుగుతారు. రెండింటి వెనకా ఉన్నది ఒకే నమ్మకం: థెరపీ అంటే గదిలో గడిపే గంటలని. ఈ పిల్లలకు మాట, రోజువారీ పనులు, ప్రవర్తన మెట్టు మెట్టుగా నేర్పే బిహేవియర్ థెరపిస్టుగా ఆ నమ్మకాన్నే నేను ఒప్పుకోలేను. గదిలో నేర్చుకున్నది ఇంట్లో, బయట, కొత్త మనుషుల దగ్గర కూడా చేయగలిగినప్పుడే అది వచ్చినట్టు లెక్క. అందుకు సెలవులను మించిన సమయం లేదు.

అపోహ: ఏడాదంతా కష్టపడ్డారు, థెరపీ పూర్తిగా ఆపితేనే పిల్లలకు విశ్రాంతి.

వాస్తవం: విశ్రాంతి కావాలి, అందులో నేను తల్లిదండ్రుల పక్షమే. కానీ ఆటిజం ఉన్న చాలామంది పిల్లలను పనికంటే ఎక్కువగా అలసిపోయేలా చేసేది, తరవాత ఏం జరుగుతుందో తెలియకపోవడం. దినచర్య మారకూడదన్న పట్టుదల ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లోనే ఒకటిగా ఉంది. బడి మూతపడగానే నిద్ర లేచే వేళ, బయలుదేరే వేళ, చుట్టూ ఉండే మనుషులు అన్నీ ఒకేసారి మారిపోతాయి. సెలవుల మొదటి రోజుల్లో ఏడుపులు పెరిగినా, నిద్ర చెదిరినా దాన్ని మొండితనమని అనుకోకండి.

దీనికి మందు ఎక్కువ సెషన్లు కాదు, రోజంతటికీ ఒక స్థిరమైన వరస. లేవడం, తినడం, ఆట, బయటికి వెళ్ళడం, పడుకోవడం - ఇవి ఏ వరసలో వస్తాయో ఫొటోలతోనో బొమ్మలతోనో గోడకు పెట్టండి. పని పూర్తయ్యాక ఆ బొమ్మను పిల్లల చేతే తీయించండి. అందులో "మార్పు" అనే కార్డు కూడా ఒకటి ఉండాలి. మొదట్లో ఆ కార్డు వచ్చినప్పుడల్లా వాళ్ళకు ఇష్టమైనదే జరగాలి. అలా అలవాటైతే, ఒకరోజు అనుకున్న ప్రయాణం ఆగిపోయినప్పుడు అదే కార్డు కొంత ఆదుకుంటుంది.

ఇక ఏవి కొనసాగించాలన్న ప్రశ్న. ఎప్పుడో బాగా వచ్చేసినవి కొన్నాళ్ళు వాడకపోయినా సాధారణంగా నిలుస్తాయి. ఇప్పుడిప్పుడే మొదలై, ఇంకా మన సాయంతో చేస్తున్నవే తొందరగా జారిపోతాయి. అందుకే మీ థెరపిస్టును "ఇప్పుడు ఆపితే పోయేవి ఏవి?" అని అడగండి. ఆ జాబితా మీరు భయపడినంత పెద్దదిగా ఉండదు. అందులోంచి రెండు మూడు లక్ష్యాలు తీసుకుంటే చాలు.

అపోహ: సెలవుల్లో గంటలు పెంచితే వెనకబాటంతా పూడిపోతుంది.

వాస్తవం: "వారానికి 40 గంటల థెరపీ కావాలి" అన్న మాట 1987లో అమెరికాలోని మనస్తత్వవేత్త ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనంతో వ్యాపించింది. అంత తీవ్రమైన చికిత్స పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి విజయవంతంగా పూర్తిచేశారని అందులో ఉంది. ఆ సంఖ్య గుర్తుపెట్టుకున్నవారు మిగతా వివరాలు మరిచిపోతారు. చికిత్స మొదలైనప్పుడు ఆ పిల్లలు నాలుగేళ్ళ లోపువారు. అది రెండేళ్ళు, అంతకు మించి సాగింది. ఏ బిడ్డకు ఈ చికిత్స ఇవ్వాలి, ఎవరిని పోలిక కోసం ఉంచాలి అన్నది చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించలేదు. పైగా పిల్లలను గద్దించడం, తొడమీద చరచడం కూడా ఆ పద్ధతిలో భాగంగా ఉండేవి. అలాంటి శిక్షలను నేను ఏ రూపంలోనూ ఒప్పుకోను. ఎనిమిదేళ్ళ పాపను సెలవుల్లో రోజుకు ఆరు గంటలు కుర్చీలో కూర్చోబెట్టడానికి ఈ అధ్యయనం ఆధారం కాదు.

పిల్లలకు ఏమీ చేయని సమయం కూడా కావాలి. పాప ఒంటరిగా రంగుల మూతలు వరసగా పేర్చుకుంటూ సంతోషంగా ఉంటే, ఆ సంతోషాన్ని ఆపి పాఠం చెప్పాల్సిన పనిలేదు. చెప్పినట్టల్లా వినడమే లక్ష్యంగా సాగిన థెరపీ తమను ఎంత బాధపెట్టిందో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు చెబుతున్నారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళు ఆ మాటలను తప్పకుండా వినాలి.

అపోహ: ఇంట్లో నేర్పాలంటే బల్ల, కార్డులు, శిక్షణ కావాలి. అది తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే. బిహేవియర్ థెరపీ రంగానికి పునాది వేసిన 1968 నాటి వ్యాసంలోనే బేర్, వుల్ఫ్, రిస్లీ అనే మనస్తత్వవేత్తలు ఒక మాట స్పష్టంగా చెప్పారు: నేర్చుకున్నది వేరే చోట్లకు, వేరే మనుషుల దగ్గరకు విస్తరించాలి. అది దానంతట అదే జరుగుతుందని ఊరుకోకుండా, అలా జరిగేటట్టు మనమే ఏర్పాటు చేయాలి. థెరపీ గదిలో నాతో "ఇవ్వు" అనే బాబు ఇంట్లో నాన్న చేయి లాగుతూ ఏడుస్తున్నాడంటే, ఆ మాట వాడికి నా గది వరకే వచ్చినట్టు. మిగిలిన పని ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే జరగాలి.

ఎలా అంటే, బాబుకు సబ్బు నీటి బుడగలు ఇష్టమనుకోండి. సీసా మూత బిగించి చేతికివ్వండి. ఏమీ అనకుండా నాలుగైదు సెకన్లు ఆగండి. సీసా మీకు అందించినా, మీ వైపు చూసినా, బుడగల బొమ్మ ఉన్న కార్డు చూపినా, "తెరువు" అన్నా వెంటనే మూత తీసి బుడగలు ఊదండి. ఏదీ రాకపోతే చిన్న సూచన ఇచ్చి, ఆ తరవాత ఊదండి. మాట వచ్చేదాకా ఏడిపించకూడదు. అడిగితే దొరుకుతుందన్న నమ్మకం కలగాలి, అంతే. రేపు ఇదే ఆట అక్కతో, ఎల్లుండి తాతయ్యతో ఆడించండి.

బట్టలు వేసుకోవడం నేర్పేటప్పుడు చివరి మెట్టు నుంచి మొదలుపెట్టండి. ప్యాంటు మోకాళ్ళ దాకా మీరు తొడిగి, పైకి లాగడం మాత్రం పాపకు వదిలేయండి. పని పూర్తిచేసిన ఆనందం తనదవుతుంది. అది బాగా వచ్చాక ఒక్కో మెట్టు వెనక్కి జరగండి. బడి రోజుల్లో పొద్దున్నే దీనికి తీరిక దొరకదు, సెలవుల్లో దొరుకుతుంది.

అపోహ: గొడవ చేస్తే పట్టించుకోకుండా ఉంటే దానంతట అదే తగ్గుతుంది.

వాస్తవం: పట్టించుకోవడం మానగానే చాలాసార్లు ఆ ప్రవర్తన ముందు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే తట్టుకోలేక లొంగిపోతే, ఇంకా గట్టిగా అరవాలన్నదే పిల్లలు నేర్చుకునేది. నొప్పివల్లనో భరించలేని చప్పుడువల్లనో ఏడుస్తుంటే పట్టించుకోకపోవడం అన్యాయం కూడా. ఆ ప్రవర్తనతో ఏం అడుగుతున్నారో ముందు తెలుసుకోవాలి. దాన్నే మాటతోనో సైగతోనో అడగడం నేర్పితే గొడవ తగ్గుతుందని 1985లోనే కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు చూపించారు. "చాలు", "ఆపు" అని చెప్పగలగడం ఏ పిల్లలకైనా పెద్ద బలం.

అపోహ: బడి తెరిచాక అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఆ సర్దుబాటు సెలవుల్లోనే మొదలవ్వాలి. చివరి రెండు వారాల్లో, కొద్ది రోజులకొకసారి పావుగంట చొప్పున త్వరగా పడుకోబెట్టండి. కొత్త తరగతి గది, కొత్త టీచర్ ఫొటోలు దొరికితే ముందే చూపించండి.

అపోహ: ఈత, ప్రయాణాలు సరదా కోసమే. వాటికీ థెరపీకీ సంబంధం లేదు.

వాస్తవం: 2012లో అమెరికాలో వెలువడిన ఒక సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక కనీసం ఒక్కసారైనా పెద్దల కళ్ళుగప్పి బయటికి వెళ్ళిపోవడానికి ప్రయత్నించారని తేలింది. అలా తప్పిపోయిన పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు నీళ్ళలో మునిగిపోవడం. చాలామంది పిల్లలకు నీళ్ళంటే విపరీతమైన ఇష్టం కూడా. బంధువుల ఇళ్ళలో, విడిది గదుల్లో తలుపుల గడియలు, దగ్గర్లోని చెరువులు, కొలనులు మీరు వెళ్ళగానే చూసుకోండి. ఈత నేర్పించండి.

ఈ సెలవులకు ఒక్క లక్ష్యమే పెట్టుకోగలిగితే, "ఆగు" అనగానే ఆగడాన్ని ఎంచుకోమంటాను. ముందు ఇంట్లో పరుగుల ఆటగా మొదలుపెట్టండి. ఆగిన ప్రతిసారీ తనకు బాగా ఇష్టమైనది ఇవ్వండి. తరవాత వరండాలో, ఆ తరవాత చేయి పట్టుకుని పార్కులో సాధన చేయించండి. ఇంట్లో వేరేవాళ్ళు చెప్పినా ఆగుతున్నారేమో చూడండి. ఎంత బాగా వచ్చినా నీళ్ళ దగ్గర మాత్రం మీ చేతికి అందేంత దూరంలోనే బిడ్డ ఉండాలి.