పారుడు టీకా తగవు: ముసర పోయిన రోజుల నుంచి చూడాలి

వానలు పడి పట్టుమని పది రోజులు కాలేదు, గుంటూరు, పల్నాడు మందల్లో గొర్రెలకూ మేకలకూ వచ్చే పారుడు రోగం (పీపీఆర్) మాట మళ్ళీ వినిపిస్తోంది. దాని వెనకే పాత తగవూ వచ్చింది. టీకా వేయించాకే జీవాలు పోయాయని కాపరులంటారు. టీకాకు రమ్మంటే మంద తోలుకురాలేదని, పోయింది అందుకేనని పశుసంవర్ధక శాఖ వాళ్ళంటారు.

ఏ నెలలో ఏ సూది వేయించాలి, నట్టల మందు ఎప్పుడు తాగించాలి అన్నవి కాపరులకు తెలియనివి కావు. వాటి జోలికి పోవడం లేదు. ఈ తగవు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 1990ల చివరి ఏళ్ళకు వెళ్ళాలి.

అప్పటిదాకా పశువులున్న ప్రతి ఇంటినీ భయపెట్టింది ముసర. పెద్ద రోగం అన్నా, ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్ అన్నా అదే. దాన్ని దేశంలో లేకుండా చేయాలని 1992లో కేంద్రం జాతీయ ప్రాజెక్టు పెట్టింది. 1995 తర్వాత దేశంలో ముసర కనబడలేదు. మెలిక ఆ తర్వాత వచ్చింది. రోగం పోయిందని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకోవాలంటే కేసులు లేకపోతే చాలదు. టీకా కూడా ఆపేయాలి. ఆపేశాక పుట్టిన పశువుల రక్తంలో ముసర ప్రతిరక్షకాలు లేవని చూపించాలి. టీకా నడుస్తూ ఉంటే రక్తంలో దొరికేవి టీకా తాలూకువో, రోగం తాలూకువో తేలదు. అందుకని దశలవారీగా ముసర టీకా ఆపేశారు. 2006లో మన దేశానికి గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా ముసర పోయిందని ప్రకటించారు. మనిషి భూమ్మీద పూర్తిగా లేకుండా చేసిన రోగాలు రెండే: మశూచి, ముసర.

పాడి పశువున్న ఇంటికి అది పండగే. జీవాలున్న ఇంటి సంగతి వేరు.

పారుడు వైరస్, ముసర వైరస్ దగ్గరి చుట్టాలు. ఎంత దగ్గరంటే, గొర్రెల్లో, మేకల్లో ఈ లక్షణాలు కనబడితే దక్షిణాదిన చాలాకాలం ముసర అనే రాసుకున్నారు. ఇది వేరే రోగమని మన దేశంలో మొదటిసారి తేలింది 1987లో, తమిళనాడులోని అరసూరులో. చుట్టరికం వల్ల జీవాలకు ఒక మేలు జరిగేది. ముసర టీకా వేస్తే పారుడు కూడా రాకుండా ఆగేది. పశువుల కోసం తయారైన టీకానే పశువైద్యులు గొర్రెలకూ మేకలకూ వేసేవారు. పశువులకు ఆపేసిన రోజున జీవాలకూ ఆపేయాల్సి వచ్చింది. లేకపోతే రక్తపరీక్షల్లో లెక్క తప్పుతుంది మరి.

అప్పటికి పారుడుకు సొంత టీకా చేతికి రాలేదు. హిమాచల్‌ప్రదేశ్‌లోని సుంగ్రిలో 1996లో ఒక మేక నుంచి తీసిన వైరస్‌తో ముక్తేశ్వర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ టీకా తయారుచేసింది. అది పరీక్షలు దాటి బయటికి వచ్చేసరికి కొత్త శతాబ్దం మొదలైంది. దక్షిణ రాష్ట్రాల్లో కేంద్రం సాయంతో పారుడు నియంత్రణ కార్యక్రమం మొదలైంది మాత్రం 2010లో. పాత టీకా పోయిన రోజుకీ, కొత్త టీకా మంద మందకూ చేర్చాలని సర్కారు పూనుకున్న రోజుకీ మధ్య సుమారు పదేళ్ళ పైమాటే.

ఈ మధ్యకాలం గురించి శాఖ వాళ్ళని అడిగితే ముసర విజయం చెప్పి ముందుకు వెళ్తారు. దుర్గి దగ్గర ఒక పెద్దాయన్ని అడిగితే ముందుకు వెళ్ళలేదు, అక్కడే ఆగిపోయాడు. ముక్కు కారడంతో మొదలైంది బాబూ అన్నాడు. చీమిడి ఎండి ముక్కు మూసుకుపోతే తుండుగుడ్డ తడిపి ఒక్కోదానికి తుడిచారట. నోట్లో పుళ్ళు లేచి, మేత ముందు పెట్టినా మూతి తిప్పేసేవట. మూడోనాటికి పారుడు. గంప కింద ఉన్న పిల్లలు ముందు పోయాయి, చూడివి ఈసుకుపోయాయి, చివరికి పెళ్ళికని ఉంచిన పొట్టేళ్ళు కూడా. డాక్టరు వచ్చి జ్వరానికి, నిమ్ముకి సూదులు వేసి, నోటికి బోరో గ్లిజరిన్ పూయమన్నాడు. వైరస్‌కి మందు లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఉన్నదల్లా టీకా. ఆ ఏడాది ఆ టీకా ఆయనకు అందలేదు. తనకెందుకు అందలేదో పాతికేళ్ళుగా ఎవరూ చెప్పలేదంటాడు.

అలాంటి చోట టీకా బండి రాగానే నమ్మకం కుదరమంటే కుదురుతుందా? పైగా టీకా వేశాక జీవాలు పోవడం కాపరులు కళ్ళారా చూసిందే. అది అబద్ధమూ కాదు, టీకా తప్పూ కాదు. వైరస్ ఒంట్లోకి చేరాక నాలుగైదు రోజులపాటు గొర్రె బాగానే మేస్తుంది. టీకా వేశాక రక్షణ రావడానికి రెండు వారాల దాకా పడుతుంది. పక్క మందలో రోగం వచ్చిందని తెలిసి, ఆదరాబాదరా అన్నిటికీ సూదులు వేయిస్తే, అప్పటికే వైరస్ చేరినవి వారంలో పడిపోతాయి. ఒకే సూది మందంతా తిరిగితే ఇంకో చిక్కు. కాపరి లెక్కలో సూది ముందు, చావు తర్వాత. ఈ రెండు వారాల సంగతి సూది వేసేవాళ్ళు వేసేముందే చెప్పి ఉంటే సగం తగవు ఉండేది కాదు. (తొలకరి పచ్చికకు వచ్చే చిటుక రోగం వేరు. బాగా బలిసిన పిల్లలు చిటికెలో పోతాయి, పారుడు ఉండదు. వానాకాలం చావులన్నీ ఒకే ఖాతాలో వేయడం రెండు వైపులా ఉంది.)

ఇంకొకటి ఐసు. టీకా సీసాలో ఉండేది ఎండబెట్టిన పొడి, బతికున్న వైరస్. చల్లటి ద్రావకంలో కలిపిన దగ్గర్నుంచి రెండు గంటల్లో అయిపోవాలి, అప్పటిదాకా ఐసు మీదే ఉండాలి. తెనాలి వైపు ఒక ఉదయం టీకాకి వచ్చిన కుర్రాడు సోడా కొట్లో తన డబ్బుతో ఐసు ముక్కలు కొనుక్కుని ఫ్లాస్కులో వేసుకోవడం చూశాను. మంద చేను దాటి కాలవ గట్టు మీదికి పోయింది. దాన్ని వెనక్కి మళ్ళించి, కంచెకి ఆనించి, ఒక్కో జీవాన్ని కాలు పట్టి లాగి సూది వేసేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఫ్లాస్కు తీసి చూస్తే నీళ్ళు. మిగిలిన సీసా ఏం చేయాలో ఆ కుర్రాడికి తెలుసు. దాన్ని పారేస్తే మిగిలిన డోసులకు లెక్క రాయాలి. ఆ టెన్షన్ కూడా అతనిదే.

శాఖ వాదనలోనూ నిజం ఉంది. చూడి గొర్రెలకు వద్దని, రెండ్రోజులు జ్వరం వస్తుందని, సంతకు తోలాలని మంద దాచే కాపరులు ఉన్నారు. టీకా ఒకసారి సరిగా పడితే మూడేళ్ళకు పైగా కాస్తుంది కాబట్టి, ఏటా కొత్తగా పుట్టిన పిల్లలను వదలకుండా పట్టుకుంటే చాలు. 2030 కల్లా ప్రపంచంలో పారుడు లేకుండా చేయాలన్న లక్ష్యం ఈ లెక్క మీదే నిలబడింది.

ఆ పిల్లలను ఎక్కడ పట్టుకోవాలన్నదే ప్రశ్న. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. గేదెకు, ఆవుకు పన్నెండు అంకెల చెవిపోగు ఉంది, గాలికుంటు టీకా ఆ నంబరు మీద ఎక్కుతుంది, పాలకేంద్రం పక్కనే ఉంటుంది కాబట్టి అడిగేవాళ్ళూ ఉంటారు. మంద అలా ఒక గుంజకు కట్టి ఉండేది కాదు. మాచర్ల వైపు నుంచి కోతలయ్యాక డెల్టాకు దిగుతుంది. తెనాలి, దుగ్గిరాల, రేపల్లె చేలల్లో రాత్రికో చోట మంద కడతారు. ఎరువు కోసం రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. వరి కోసిన మాగాణిలో మినుముకు తోడు దున్నకుండా వేసే మొక్కజొన్న, జొన్న వచ్చిపడ్డాక ఖాళీ చేలు తగ్గాయి. ఉన్న కాస్త చోటుకే నాలుగు మందలు చేరుతున్నాయి. నాలుగు మందలు ఒకే కాలవలో నీళ్ళు తాగితే ఒకదాని చీమిడి ఇంకోదానికి అంటుతుంది.

ఆ దారంతా 2022 ఏప్రిల్ 4 దాకా ఒకే గుంటూరు జిల్లా. ఇప్పుడు మాచర్ల పల్నాడు, తెనాలి గుంటూరు, రేపల్లె బాపట్ల. మంద మాచర్లలో ఉన్నప్పుడు టీకా రాకపోతే, తెనాలిలో అడిగితే మీది మా జిల్లా కాదంటారు. రేపల్లెలో ఈనిన పిల్లలు పల్నాడు లెక్కలో ఉండవు. ఇంటికి తిరిగి వచ్చేసరికి అక్కడ టీకా దినాలు అయిపోయి ఉంటాయి. కాపరులు కొన్నేళ్ళుగా అడిగేది ఒక్కటే. మంద దిగే చోట, దిగే నెలలో వేయండి, వేసినట్టు కాగితం చేతికివ్వండి. ఆ కాగితం చూపిస్తే ఏ జిల్లాలోనైనా ఒప్పుకోండి. నాకు చూపించిన టీకా రిజిస్టర్లో యజమాని పేరు, తండ్రి పేరు, జీవాల సంఖ్య, గ్రామం అని గళ్ళున్నాయి. గ్రామం గడిలో ఆ కుర్రాడు పెన్సిలుతో 'కాలవ గట్టు' అని రాసుకున్నాడు. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు అది తీసుకోదని, సాయంత్రం చెరిపి ఏదో ఒక ఊరి పేరు వేస్తానని చెప్పాడు.